పొదుపు జన్యువు: రాలిపోయిన ప్రశ్నార్థకం

మధుమేహం ఇంత హానికరమైతే ప్రకృతివరణం దానికి కారణమైన జన్యువులను ఎందుకు ఏరివేయలేదు? 1962లో అమెరికా జన్యుశాస్త్రజ్ఞుడు జేమ్స్ నీల్ వేసిన ప్రశ్న ఇది. దొరికిన రోజున తిన్నదాన్ని కొవ్వుగా దాచుకోగల శరీరాలే కరువుల్లో బతికి బట్టకట్టాయని, నిత్యం తిండి దొరికే కాలంలో ఆ పొదుపే ముప్పయిందని ఆయన సమాధానం. నీల్ దీన్ని ఊహగానే ప్రతిపాదించాడు. వ్యాసశీర్షికలో ప్రశ్నార్థకం ఉంచాడు. ఇన్సులిన్ గురించి తొలుత చెప్పిన వివరణను తరువాత తానే సవరించుకున్నాడు. ప్రచారంలో మిగిలింది మాత్రం ప్రశ్నార్థకం లేని వాక్యమే.

వలసపాలన నాటి కరువులే దక్షిణాసియావారి మధుమేహానికి మూలమన్న వాదన ఆ వాక్యానికి కొనసాగింపు. 1876–78 నాటి ధాత కరువు రాయలసీమను ఊడ్చిపెట్టిన మాట నిజం. కాని ఆనాటి నుంచి గడిచినవి అయిదారు తరాలే. ఒక జనసమూహపు జన్యువుల పాళ్ళు గణనీయంగా మారడానికి అది చాలదు. పైగా కరువు వెంట వచ్చిన కలరా, మలేరియా వంటి వ్యాధులు పసివాళ్ళనూ వృద్ధులనూ ముందు తీసుకుపోయాయి. కరువు చావులు బక్కవారినీ బలిసినవారినీ వేరుచేసి ఏరవన్నదే బ్రిటిష్ జీవశాస్త్రజ్ఞుడు జాన్ స్పీక్‌మన్ ఆక్షేపణ. వరణం అంత బలంగా జరిగివుంటే ఈపాటికి అందరూ స్థూలకాయులే కావాలి కదా అని కూడా ఆయన అడిగాడు. 

నీల్ ఊహకు దగ్గరగా వచ్చిన జన్యుభేదం 2016లో సమోవా ప్రజల్లో బయటపడింది. పసిఫిక్ దీవుల వెలుపల అది అత్యంత అరుదు. కణాల్లో అది కొవ్వును ఎక్కువ దాచి, శక్తిని తక్కువ ఖర్చు చేస్తుంది. అయితే అది ఉన్నవారికి బరువు పెరుగుతుంది గాని మధుమేహం వచ్చే అవకాశం తగ్గుతుంది! నీల్ ముడిపెట్టిన రెండూ ఇక్కడ విడిపోయాయి.

బరువుతో ముడిపడినట్టు తేలిన జన్యువుల్లో చాలావాటి పని అసలు కొవ్వు గిడ్డంగిలో కాదు, మెదడులో. 1997లో కేంబ్రిడ్జి పరిశోధకులు పాకిస్తానీ మూలాలున్న ఒక కుటుంబాన్ని పరీక్షించారు. అందులో ఎనిమిదేళ్ళ బాలిక బరువు 86 కిలోలు. కొవ్వు నిల్వల సంగతి మెదడుకు చేరవేసే లెప్టిన్ హార్మోను ఆమె శరీరంలో తయారుకావడం లేదు. ఆ లోపం ఉన్నవారికి తిన్నా ఆకలి తీరదు. లెప్టిన్ ఇంజెక్షన్లు ఇస్తే తీరుతుంది. ఇది అరుదైన లోపం. సర్వసాధారణమైన ఎఫ్‌టీవో భేదం 2007లో వెల్లడైంది. దాని రెండు ప్రతులూ ఉన్న యూరపు సంతతి వయోజనులు, అసలు లేనివారికన్నా సగటున మూడు కిలోలు ఎక్కువ తూగుతారు. ఆ భేదమున్న పిల్లలను పరిశీలించినప్పుడు వారి శరీరాలు శక్తిని పొదుపు చేస్తున్నట్టు కనబడలేదు. వారు కొంచెం ఎక్కువ తిన్నారు, అంతే.