వగైరా

పోయిన శనివారం చీకటి పడే వేళకి మా అక్క కూతురూ, అల్లుడూ, పిల్లాడూ మా ఇంటి ముందు కారు దిగారు. హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేసి విశాఖపట్నం కాపురం మారుస్తున్నారు. సామాన్ల లారీ ముందే వెళ్లిపోయింది, వీళ్లు వెనకాల. గుండుగొలను దగ్గర తాడేపల్లిగూడెం రోడ్డు వదిలేసి కొత్త నాలుగు వరసల రోడ్డెక్కితే మా నల్లజర్ల దారిలోనే తగులుతుంది. ఆ రోడ్డు పడ్డాక మాకు చుట్టాల తాకిడి పెరిగింది. పూర్వం తణుకు మీదుగా వెళ్లిపోయి, ‘మీ ఊరు దారిలో లేదు పిన్నీ’ అనేవాళ్లు. ఇప్పుడు ఆ మాట చెల్లదు.

అన్నాలయ్యాక అమ్మాయి ఫోన్లో ఎక్సెల్ షీటు తెరిచి, లెక్కల నోటు దిద్దించుకునే పిల్లలా నా చేతిలో పెట్టింది. బ్యాంకు ఉద్యోగంలో ఏడు ఊళ్లు మారి, ఏడింటికీ పైసలతో సహా లెక్క రాసుకున్న పిన్నికి చూపించక ఇంకెవరికి చూపిస్తుంది! నా ‘బదిలీ పుస్తకం’ సంగతి ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. దాన్ని ఇక అటకెక్కించమని రాసినవాళ్లు కూడా ఉన్నారు. అటక మీదే ఉంది, ఈ వారం మళ్లీ దింపాల్సొచ్చింది, ఏం చెయ్యను!

షీటులో నలభై ఆరు వరసలు. నిజం చెప్పొద్దూ, ముచ్చటేసింది. ఫోన్లో చెప్పిన రేటుకి తలూపకుండా ముగ్గుర్ని ఇంటికి పిలిపించి సామాను చూపించింది. ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, దించే కూలీ ఎవరిది, వాన పడితే టార్పాలిన్ ఎవరిది, అన్నీ కాగితం మీద రాయించుకుంది. అక్కడ దించేటప్పుడు ‘ఇంకో ఐదు వేలిస్తేనే తలుపు తీస్తాం’ అనే బేరం మన ఊళ్లో కూడా ఒకరిద్దరికి తగిలిందే కదా. మోటారు సైకిల్ రైల్లో పార్సిల్ వేసింది: పెట్రోలు మొత్తం తీయించి, గోనెసంచి చుట్టించి, ఆర్‌సీ నకలు జతచేసి. గ్యాస్ సిలిండరూ రెగ్యులేటరూ అప్పజెప్పి, కట్టిన డిపాజిట్ వెనక్కి తీసుకుని, రసీదు జాగ్రత్త చేసింది. వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు అక్కర్లేదని కూడా తెలుసుకుంది. అయినా దారిలో ఎవరైనా ఆపితే చూపించడానికి లారీ డ్రైవరు చేతికి సామాన్ల జాబితా ఇచ్చింది.

చాలామంది మర్చిపోయేది కారు. తెలంగాణ నంబరు బండి ఆంధ్రాలో పన్నెండు నెలలు దాటి తిరిగితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి. అక్కడి ఆర్‌టీఓ దగ్గర ఎన్‌ఓసీ తీసుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగాలి. ఆ వాపసు వచ్చే దాకా ఆ డబ్బు మనది కాదనుకోవాలి. ఈ వరస కూడా ఉంది షీటులో, వాపసు దగ్గర సున్నా వేసి మరీ. నా పెంపకం కాకపోయినా నా కాలమ్ చదివిన పిల్ల అనిపించుకుంది.

లారీ కిరాయి చూసి అదే ఖర్చనుకునేవాళ్ల మీద నాకెప్పుడూ కోపమే. అసలు ఖర్చు లారీ వెళ్లిపోయాక మొదలవుతుంది. పాత ఇంటికీ కొత్త ఇంటికీ కలిపి పదిహేను రోజుల అద్దె, కిటికీ కొలత మారితే కొత్త కర్టెన్లు, ప్లగ్గు అందకపోతే ఎలక్ట్రీషియను, పొయ్యి వెలిగే దాకా హోటలు. అమ్మాయి మొత్తం అంచనా డెబ్బై ఎనిమిది వేలు. అందులో లారీ ముప్ఫై ఒక్క వేలే. ముహూర్తం దగ్గర కూడా తెలివిగానే ఉంది. మూఢంలోనో ఆషాఢంలోనో మారితే లారీవాడూ దిగొస్తాడు, ఇంటాయనా దిగొస్తాడు. నా ఏడింటిలో రెండు మూఢంలోనే మారాను. పాలు మాత్రం మంచిరోజు చూసే పొంగించానని మా అత్తగారికి చెప్పాను. అది ఆవిడకి చెప్పిన తారీఖు.

అంతా బాగుంది. నలభై ఆరో వరస దగ్గర నా వేలు ఆగిపోయింది: ‘ఇతర ఖర్చులు, 10 శాతం’.

“ఇతర అంటే ఏంటే?”

“ఏదో ఒకటి తగుల్తుందిగా పిన్నీ.”

“తగిలేదేదో పేరు పెట్టి రాయి. పేరు లేని ఖర్చు ఖర్చు కాదు, కన్నం.”

అల్లుడు మంచినీళ్ల కోసం లేచి వెళ్లిపోయాడు. తెలివైనవాడు.

‘వగైరా’ అన్న మాట మీద నా పగ పాతది. బ్రాంచి పుస్తకాల్లో ఆ మాట కనపడితే ఆడిటరు పెన్సిలు ముందు అక్కడే ఆగేది. కేంద్ర ప్రభుత్వాన్ని చూడండి, ఉద్యోగి బతుకుని కిలోల్లో కొలిచేసింది. ఏడో వేతన సంఘం లెక్కలో ఆరో లెవెలూ ఆపైన వాళ్లు బదిలీ మీద 6,000 కిలోల సామాను తీసుకుపోవచ్చు, ఐదో లెవెలు వాళ్లు 3,000, ఆ కింద వాళ్లు 1,500. దూర బదిలీ అయితే పైన నెల మూలవేతనంలో 80 శాతం గ్రాంటు. నాలుగో లెవెలు గుమాస్తా బీరువాకీ ఐదో లెవెలు వాడి బీరువాకీ బరువులో తేడా ఏంటని అడక్కండి. ఎంత అన్యాయంగా ఉన్నా అది లెక్కే. ‘ఇతర’ ఏం లెక్క?

ఆదివారం పొద్దున్న పెసరట్లు తిని వాళ్లు దేవరపల్లి వైపు వెళ్లిపోయారు. నేను స్టూలేసుకుని అటక మీంచి బదిలీ పుస్తకం దింపాను. ఫొటో తీసి పంపిద్దామని. చూడవే, ఏడు బదిలీలు, ఒక్క వగైరా లేదు, అని.

మొదటిది 1986, తాడేపల్లిగూడెం నుంచి కర్నూలు. గూడెం ఉల్లి మార్కెట్టుకి కర్నూలు ఉల్లి వస్తుంది, దించాక లారీ తిరుగు ప్రయాణం. ఆ రిటర్న్ లారీ మాట్లాడుకుంటే కిరాయి సగానికి సగం తగ్గుతుందని నాకు చెప్పింది మా నాన్న. తగ్గింది. నేలంతా ఉల్లిపొట్టు. దాని మీదే గోనెపట్టాలు పరిచి మంచాలూ, బీరువా, మూటలూ ఎక్కించారు. నల్లమల ఘాటులో రాత్రంతా ఊగి, మర్నాడు కర్నూల్లో దించితే పరుపులూ, పుస్తకాలూ, నా పెళ్లి పట్టుచీరా ఒకటే వాసన. ఉగాది దాకా మా ఇంటికొచ్చినవాళ్లు ‘ఏం కూరండీ?’ అని అడుగుతూనే ఉన్నారు.

సామాన్ల జాబితా మా అమ్మ పద్ధతి. స్టీలు గిన్నెలూ, ఇత్తడి బిందెలూ, గ్లాసులూ, అన్నిటి మీదా చుక్కల అక్షరాలతో పేర్లు చెక్కించి ఉంటాయి కదా. ఎవరు పెట్టారు, ఎప్పుడు, ఏ శుభకార్యానికి. ఆ పేర్లే వరసగా రాసుకుంటే చాలు, కొత్త ఊళ్లో ఏది రాలేదో తెలిసిపోతుంది. ‘మేనత్త గ్లాసు రాలేదు’ అంటే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. ఇప్పటి వాళ్లు ‘స్టీలు సామాను, పెట్టె 14’ అని రాస్తున్నారు.

కర్నూలు బదిలీ అనగానే నాన్న ముఖం వెలిగిపోయింది. ఆయనా కాపురం మార్చిన ఊరే అది. ఆయన మద్రాసు సచివాలయంలో గుమాస్తాగా ఉండగా, 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు గారు పోయారు. 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామన్నారు. 1953 అక్టోబర్ 1న రాష్ట్రం వచ్చింది. మధ్యలో తొమ్మిదిన్నర నెలలు. ఒక ప్రభుత్వం మొత్తం ఊరు మారడానికి ఉన్న వ్యవధి అంతే, అందులోనూ కొన్ని నెలలు రాజధాని ఏ ఊరన్న వాదులాటకే పోయాయి. ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి, రాజధాని కర్నూలు, మరుసటి ఏడు హైకోర్టు గుంటూరులో. కర్నూల్లో అన్ని ఆఫీసులకి కట్టడాలెక్కడివి? గుడారాలు వేశారు. ఆఫీసు గుడారంలో, కాపురం గుడారంలో. గాలికి ఫైళ్లు ఎగిరిపోకుండా పక్కన గులకరాళ్లు పెట్టుకుని రాసేవాళ్లమనీ, సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు రాళ్లు లెక్కపెట్టి అప్పజెప్పేవాళ్లమనీ నాన్న అనేవాడు. రాళ్ల లెక్క మాట నేను నమ్మను. ఆయనకి కథ చెప్పడం ఇష్టం.

అమ్మని ఏలూరు పుట్టింట్లో దింపి, సామాను గూడ్సులో వేసి, ఒక ట్రంకు పెట్టెతో ఆయన రైలెక్కాడు. గుంతకల్లులో పెద్ద లైను దిగి మీటరు గేజి ఎక్కాలి. సామానూ అక్కడే ఒక బండిలోంచి ఇంకో బండిలోకి. ఏది పోయినా అక్కడే పోయేదట. గుడారం సంసారం అనుకున్నదాని కంటే ఎక్కువ సాగి, తర్వాత అమ్మ వెళ్లి, ఒక గది అద్దెకి దొరికి, పొయ్యి కుదిరేసరికి 1956 వచ్చింది. నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్, రాజధాని హైదరాబాద్. మళ్లీ కట్టు మూటలు. మూడేళ్లలో రెండు రాజధానులు మోశానని ఆయన బడాయి.

అరవై ఏళ్ల తర్వాత అదే కథ అటునుంచి ఇటు తిరిగింది. విభజన చట్టం హైదరాబాద్‌ని పదేళ్ల దాకా ఉమ్మడి రాజధానిగా ఉంచినా, 2016 జూన్‌లో సచివాలయం ఉద్యోగులు అమరావతిలోని వెలగపూడికి రావాలన్నారు. వారానికి ఐదు రోజుల పని, 30 శాతం ఇంటద్దె భత్యం. నాకు తెలిసిన ఒకావిడ పిల్లల చదువుల కోసం కుటుంబాన్ని హైదరాబాద్‌లోనే ఉంచి, విజయవాడలో ఇంకో ఇద్దరితో గది తీసుకుంది. శుక్రవారం రైలు, సోమవారం రైలు. కాపురం మారలేదు కాబట్టి ఆవిడ బడ్జెట్లో లారీ లేదు. రెండు కుక్కర్లూ, రెండు మిక్సీలూ, ఏడాదికి వంద రైలు ప్రయాణాలూ ఉన్నాయి. నాలుగేళ్లు పోయాక లెక్క వేసుకుని, ఆ డబ్బుతో సామాను నాలుగుసార్లు మార్చేదాన్ని అంది.

మా ఊరికైతే ఆ బాధ కూడా లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు నల్లజర్ల పశ్చిమ గోదావరిలోంచి తూర్పు గోదావరిలోకి వెళ్లింది. గోదావరికి పడమటి వైపే ఉన్నాం, పేరులో మాత్రం తూర్పు. లారీ లేదు, హమాలీ లేదు, ఒక్క గ్లాసు పగల్లేదు. ఇంతకంటే చవగ్గా మారినవాళ్లుంటే చెప్పండి.

ఎక్కడున్నాం? పుస్తకం దగ్గర. అందులో నా లెక్కల కింద, పిన్ను తుప్పు పట్టిన ఒక కాగితం. 1986లో కర్నూలు బయల్దేరేటప్పుడు నాన్న నాకిచ్చిన ఆయన 1953 లెక్క. మద్రాసు ఇంటద్దె బాకీ, పాలమనిషి, చాకలి, గోనెసంచులు, పురికొస, జట్కా, గూడ్సు ఛార్జీ, గుంతకల్లు కూలీ. అడుగున, ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో: ‘వగైరా, రూ. 11-4-0’.

ఈ పదకొండు రూపాయల నాలుగణాల మీద మా ఇంట్లో ముప్ఫై ఏళ్లు చర్చ జరిగింది. అమ్మ అడిగినప్పుడల్లా ఆయన నవ్వేవాడు, ఆవిడ కంచం విసురుగా పెట్టేది. చివరికి ఆయన పోయే ముందు ఏడాది చెప్పాడు. మద్రాసు ట్రిప్లికేన్‌లో వాళ్ల ఇంటి యజమానురాలు, ముసలావిడ, ఆఖరి నెల అద్దె పుచ్చుకోనందిట. మీ తెలుగువాళ్లూ మా తమిళులూ ఈ ఊరి కోసం కొట్టుకుంటున్నారు గానీ నువ్వు నాకేం చేశావురా, అందిట. ఈయన వెళ్లి ఆవిడకొక నూలు చీర కొనిచ్చాడు. పరాయి ఆడమనిషికి చీర అని పద్దు రాస్తే పెళ్లాం ఏమంటుందోనని వగైరా అని రాశాడు. రాయనందుకు ముప్ఫై ఏళ్లు మాట పడ్డాడు.

సరే, ఆయన సంగతి ఆయనది, నా పుస్తకంలో లేదు కదా అని తిరగేశాను. కర్నూలు పేజీ. లారీ, హమాలీ, క్లీనరుకి భోజనం, ఇంటి అడ్వాన్సు, మంచం కోడు బాగుచేయించినందుకు. అడుగున, నా దస్తూరీలోనే, ‘వగైరా 140’.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. రెండో బదిలీ, ‘వగైరా 85’. మూడోది లేదు, హమ్మయ్య. నాలుగోది ఉంది. ఐదోది ‘వ.’ అని పొట్టి చేసి ఉంది, అంటే అప్పటికి సిగ్గు వచ్చిందన్నమాట. ఏడింటిలో ఐదు. ఇన్నేళ్లుగా వారం వారం మీకు నీతులు చెప్పిన మనిషి!

ఆ ఎనభై ఐదు దేనికో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. నూట నలభై మాత్రం బాగా గుర్తుంది, ఎవరికిచ్చానో, ఏ అరుగు మీదో, అప్పుడు వాన పడుతోందని కూడా. ఇక్కడ రాయను.

ఫొటో పంపలేదు. బుధవారం అమ్మాయే ఫోన్ చేసింది. సామాను దిగింది, ఫ్రిజ్ నిలబెట్టి ఉంచారు, కారు ఎన్‌ఓసీ పని మొదలైంది, అద్దం ఒకటి పగిలింది, బీమా వాళ్లు ఫొటోలడిగారు. షీటు అప్పుడే సరిచేసేసిందట.

“నలభై ఆరో వరస ఒక్కటే దాటింది పిన్నీ. పది శాతం అనుకున్నానా, పదహారైంది.”

“దేనికే?”

అవతల కాసేపు ఏమీ వినపడలేదు.

“ఏవో... చిన్నచిన్నవి.”

“సర్లే,” అన్నాను. “ఈసారి ఇరవై వేసుకో.”