పత్తి పింజకు ఒక్క అంకె చాలునా?

పత్తి వంగడముల ఎంపికలో మైక్రోనేర్ అంకెకు దక్కుచున్న గౌరవము దాని యోగ్యతకు మించినది. ఈ పరీక్షలో నిర్ణీతమైన బరువుగల దూదిని చిన్న గొట్టములో కుదించి, దానిగుండా గాలిని పంపెదరు. పోగులు సన్ననివైనచో ఆ బరువుకే వాటి ఉపరితలము ఎక్కువ, గాలికి అడ్డు ఎక్కువ, అంకె తక్కువ. ఒకటి రెండు నిమిషములలో ముగియు పని. మొక్కకు గుప్పెడు దూది మాత్రమే దొరకు తొలి తరములలో ఇట్టి సాధనము వరమే.

చిక్కెక్కడనగా, సన్నని పోగుకును లేత పోగుకును గల భేదము గాలికి తెలియదు. పూవు పూచిన తరువాత సుమారు మూడు వారములు పోగు పొడవు పెరుగును. పిమ్మట దాని గోడ లోపల సెల్యులోజు పొరలుపొరలుగా పేరుకొనును. నీరు చాలకనో, తెగులు సోకియో ఈ పని సగములో ఆగినచో పోగు గాలి తీసిన సైకిలు ట్యూబువలె అణగిపోవును. దాని అంకెయు తక్కువే. కాని అట్టి దూది నూలులో చిన్న ఉండలు కట్టును. రంగు సరిగా పట్టదు.

కోయంబత్తూరునుండి 1974లో విడుదలైన సువిన్ పింజ అంకె 3 దరిదాపులలో ఉండును. అయినను అది పక్వమైన పింజ. 100వ నంబరు నూలు తీయదగినది. అదే అంకె సాధారణ అమెరికన్ జాతి పత్తికి వచ్చినచో ఆ దూది లేతదని అనుమానింపవలెను. దేశవాళీ పత్తులలో అంకె 5 దాటుట వింత కాదు. జాతి చెప్పక అంకె చెప్పుట, వయస్సు చెప్పక నాడి లెక్క చెప్పినట్లే. ఒకప్పుడు దీనిని అంగుళము పోగు బరువుగా, మైక్రోగ్రాములలో చదివెడివారు. ఆ సంబంధము సరళరేఖ కాదని తేలిన పిమ్మట ప్రమాణమును వదలి, అంకెను మాత్రము మిగిల్చిరి!

తక్కువ అంకెయే సన్నదనమని నమ్మి ఎంపిక సాగించినచో, కొన్ని తరములకు చేతికి దక్కునది సన్నని పింజ కాక, పోగు పండకమునుపే కాయ పగులు మొక్క కావచ్చును. రైతు ఆ విత్తనమునే నాటును. ధర తగ్గినపుడు నింద అతని సేద్యముపై పడును.

పక్వతను వేరుగా చూచు మార్గము పాతదే. 18 శాతము కాస్టిక్ సోడా ద్రావణములో పోగులను ఉబ్బించి సూక్ష్మదర్శినితో చూచినచో, ముదురు పోగు కడ్డీవలెను, పండని పోగు రిబ్బనువలెను కనిపించును. ఉపాధ్యాయుడు తరగతిలో చూపదగినదే. ద్రావణమును మాత్రము విద్యార్థుల చేతికి ఇయ్యరాదు. శ్రమ ఎక్కువన్న మాట నిజమే. కనుక అంకె తక్కువ వచ్చిన మొక్కలకైనను ఈ పరీక్ష చేయవలెను. దూది చాలినంత దొరకిన తరువాత నూలు వడికి చూచుట ఎటులను తప్పదు. బొంబాయిలోని మాటుంగాలో 1924లో పత్తి పరిశోధనశాలను నెలకొల్పినది ఇట్టి పనికే.