తొమ్మిది గుర్తులు

పెర్కిట్ కూడలిలో హైదరాబాద్ బస్సెక్కిన ప్రతిసారీ, పోయే పని ఏదైనా, గన్‌పార్క్ దగ్గర కాసేపు ఆగి వస్తాను. అసెంబ్లీ ఎదుటి అమరవీరుల స్తూపాన్ని జూన్ 2న టీవీలో అందరూ చూస్తారు. ఆ రోజు కనిపించేవి పూలదండలే. పనితనం చూడాలంటే దండల్లేని మామూలు రోజున వెళ్లాలి.

1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల కోసం శిల్పి ఎక్కా యాదగిరిరావు మలిచిన స్తూపమిది. 1970లో పునాదిరాయి పడింది, 1975కి పూర్తయింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది అడుగున ఉన్న నల్ల గ్రానైట్ పీఠం. నాలుగు దిక్కులా, ఒక్కో దిక్కున తొమ్మిదేసి గుర్తులు తొలిచి ఉంటాయి. అవి తూటా దెబ్బలు. అవే అప్పటి తెలంగాణ తొమ్మిది జిల్లాలు కూడా. తుపాకీ పట్టిన పోలీసు బొమ్మ లేదు, నేలకొరిగిన పిల్లవాడి బొమ్మ లేదు. కాల్పుల కథంతా ఆ గుర్తులే చెప్పాలి, చెప్తాయి. ఉలితో ఇంత తక్కువ చెక్కి ఊరుకోవడానికి చాలా ధైర్యం కావాలి.

పీఠం మీద మకర తోరణాలు, సాంచి స్తూపాన్ని తలపిస్తూ. ఆపైన ఎర్రరాతి స్తంభం, దాని మీద నిలువునా తొమ్మిది గీతలు. కొసన తొమ్మిది రేకల తెల్ల పాలరాతి పువ్వు. ఎటునుంచి చూసినా అశోకచక్రం కనబడుతుంది. నలుపు, ఎరుపు, తెలుపు: కంటితో పైకి పోయేకొద్దీ రాయి బరువు తగ్గుతున్నట్టుంటుంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023లో తెరిచిన కొత్త స్మారకం దీపం ఆకారంలో, అతుకు కనబడని స్టీలుతో మెరుస్తుంది. చూడటానికి గొప్పగానే ఉంటుంది. నాకు మాత్రం ఏ అంచెకు ఆ అంచె తెలిసే ఈ రాతిపనే ఇష్టం.

స్తూపం పూర్తయిన మూడేళ్లకే, 1978లో, రంగారెడ్డి జిల్లా వచ్చి లెక్క పది అయింది. 2016లో 31, 2019లో 33. రాయి తొమ్మిది దగ్గరే ఆగింది. ఆగడమే న్యాయం, ఆ పిల్లలు బయల్దేరింది ఆ తొమ్మిదింటి నుంచే కదా.

మా నిజామాబాద్ అందులో ఒకటి. ఏ గుర్తు ఏ జిల్లాదో పేరు చెక్కలేదు. ఎడమ నుంచి లెక్కపెడుతూ పోతాను, ఇదే మాదనుకుని ఒకదాని దగ్గర ఆగుతాను. మళ్లీ వచ్చినప్పుడు ఇంకోదాని దగ్గర.