పెద్దిళ్ల దుఃఖం – పేర్లు లేని చావులు

రాయలసీమ ముఠాకక్షల పేరు చెప్పి తెలుగు సినిమా పాతికేళ్లుగా డబ్బు చేసుకుంటోంది. 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) లాంటి వాటిలో పగ అంటే నాయకుడి పౌరుషమే. 2018లో వచ్చిన 'అరవింద సమేత వీర రాఘవ' వేరే దారి తొక్కిందని చాలామంది మెచ్చుకున్నారు. మెచ్చుకోదగ్గది లేకపోలేదు. ఐదు రూపాయల పేకాట దగ్గర మొదలైన పగ రెండూళ్లను ఎట్లా మింగిందో చూపింది. చావు తర్వాత మిగిలే ఆడవాళ్ల వైపు నుంచి ఆలోచించమంది.

అయితే ఏ ఆడవాళ్లు? కథ నడిచేది పెద్దిళ్ల ఆడవాళ్ల దుఃఖం మీదనే. బండ్లలోంచి దూకి హీరో చేతిలో నరికించుకునే మనుషులకు పేరు లేదు, ఇల్లు లేదు, కులం అసలే లేదు.

వాళ్లెవరో సీమ పల్లెల్లో పుట్టినోళ్లకు తెలుసు. మాదిగగేరి నుంచి, బోయగేరి నుంచి పోయినోళ్లు. రెడ్డి దగ్గర జీతానికుంటే రెడ్డి మనిషే. ఆయన కక్ష వీడి కక్షే. కాదంటే పని ఉండదు, అప్పు పుట్టదు. మా గేరిలో ఒకాయన తాను చేయని హత్యలో ముద్దాయి అయి ఏండ్ల తరబడి కోర్టుకు తిరిగినాడు. తర్వాత రెండు వైపుల పెద్దలూ రాజీపడి ఒకే పెండ్లిపందిట్లో భోంచేసినారు. ఆయనకున్న ఎకరా మాత్రం తిరిగిరాలేదు.

పగ సీమ రక్తంలోనే ఉందనీ, అది పాలెగాళ్ల వారసత్వమనీ చెప్పే కథ పెద్దలకు అనుకూలం. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికొచ్చాక మన్రో పాలెగాళ్లను అణిచేశాడు. మన కాలపు కక్షలను నడిపింది పంచాయతీ కుర్చీ, సారా పాట, రోడ్డు కాంట్రాక్టు. వీటిలో గేరికి వాటా లేదు, చావులో మాత్రం ఉంది.

కారంచేడు (1985), చుండూరు (1991)లలో చంపినోళ్ల కులమేదో, చచ్చినోళ్ల కులమేదో దళిత ఉద్యమం లోకానికి చెప్పింది. ముఠాకక్షలో చచ్చిన దళితుడు 'ఫలానా వర్గీయుడు'గానే పేపర్లో పడతాడు. చచ్చినాకా రెడ్డి మనిషే. మనమైనా వాణ్ణి మన చావుల్లో లెక్కబెట్టామా?

శాంతి కోరిన సినిమాను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ శాంతి ఎవరెవరి మధ్య అనేదే ప్రశ్న. రెండిళ్లు రాజీపడినంత మాత్రాన భూమి, కూలి, కేసుల లెక్క తేలదు. ఆ లెక్క గేరిలో కూర్చుని, మిగిలిన ఆడవాళ్లను అడిగి, మనమే రాసుకోవాలి.