పిల్ల ఏ మెట్టు మీద ఉందో

స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి వెళ్తే సగం పొట్టి అక్షరాలే వినబడతాయి: ఎఫ్‌ఎల్‌ఎన్, టార్ల్, ఎల్‌వో, బేస్‌లైన్. ఆపరేషన్ బ్లాక్ బోర్డ్, డీపీఈపీ, సీసీఈ వంటి కార్యక్రమాల కాలాల్లో కొత్త పేరుతో పాటు కొత్త రిజిస్టర్ వచ్చేది. ఇప్పుడు యాప్ వస్తోంది. టార్ల్, అంటే తరగతిని బట్టి కాక పిల్ల స్థాయిని బట్టి నేర్పడం, నిజంగా మంచి పని గనకే నాకు బాధ.

ఐదో తరగతి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం ముందు పెడతాం. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ. ‘రైతు పొలం’ వరకు గడగడా చదివేస్తుంది. ‘దున్నుతున్నాడు’ దగ్గర వేలు ఆగిపోతుంది. ఒత్తు రాదు. ఒక్కోసారి బొమ్మ చూసి ఊహించి చెప్పేస్తుంది కూడా. అది పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు చాలు, కానీ మన ధ్యాసంతా ఆ పిల్ల మీదే ఉండాలి. తర్వాత, ఏ తరగతి వాళ్లయినా సరే, ఒత్తులు రానివాళ్లందరినీ ఒకచోట చేర్చి నేర్పడమే.

ఇలా నేర్పితే ఫలితం ఉంటుందని తేలింది కూడా. ముంబై, వడోదర బడుల్లో ప్రథమ్ సంస్థ వెనకబడిన పిల్లలకు బాలసఖులనే స్థానిక యువతుల చేత రోజుకు రెండు గంటలు చదువు చెప్పించింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కొలిచి చూస్తే మార్కులు పెరిగాయి. వడోదరలోనే నాలుగో తరగతి పిల్లలను కంప్యూటర్‌కు ఇద్దరేసి కూర్చోబెట్టి వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించారు. పిల్లల స్థాయిని బట్టి మారే ఆటలవి. లెక్కల్లో అక్కడా మేలే జరిగింది.

మన దగ్గర జరిగింది వేరు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి వాళ్లకు బైజూస్ కంపెనీ పాఠాలతో ట్యాబ్‌లు ఇచ్చింది. మూడో తరగతి తెలుగే తడబడుతూ చదివే పిల్లవాడికి ఎనిమిదో తరగతి పాఠం తెర మీద ఎంత అందంగా కదిలినా బుర్రకెక్కదు. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

ట్యాబ్ సంగతి అలా ఉంచితే, టీచరు చేతిలోని ఫోనే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. హాజరు, భోజనం లెక్క, ఫొటోలు, అన్నీ యాప్‌లలో నింపాల్సిందే. సిగ్నల్ కోసం టీచరు గుమ్మంలో నిలబడినంతసేపూ లోపల ఆ పిల్ల చదివేది వినే దిక్కులేదు.

2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు రావాలన్నది కేంద్రం చేపట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం. డీఈవోలకూ సమగ్ర శిక్షా అధికారులకూ నా విన్నపం ఒక్కటే: హాజరు తప్ప, ఉదయం మొదటి రెండు పీరియడ్లలో టీచరును ఏ యాప్‌లోనూ ఏమీ నింపమని అడగకండి.