రైలు పోయినా కట్ట ఉంది

కొండ ప్రాంతంలో సైకిలు తొక్కడమంటే మహా ఇష్టమని చెప్పేవాళ్లలో సగంమంది కోతలు కోస్తారు. మెలికల రోడ్డు మీద మిట్ట ఎక్కుతున్నప్పుడు కళ్లు ముందు చక్రం మీద ఉంటాయి, చెవులు వెనకాల వచ్చే లారీ మీద ఉంటాయి. ఇక పచ్చిక బీళ్లనీ, రాతి గోడలనీ, గొర్రెల మందలనీ చూసేదెవరు? చూస్తూ తొక్కాలంటే వెనకనుంచి బండి రాకూడదు, దారి వాలు ఒళ్లు హూనం చెయ్యకూడదు. ఈ రెండూ ఒకేచోట అమర్చిపెట్టిన మహానుభావులు పందొమ్మిదో శతాబ్దపు రైల్వే ఇంజనీర్లు. వాళ్లలో చాలామంది గీత గీసినప్పుడు మనం ఇప్పుడు తొక్కే సైకిలు ఇంకా పుట్టనే లేదు.

ఇంగ్లండు నడిమధ్యన డెర్బీషైర్‌లో ఉంది పీక్ డిస్ట్రిక్ట్. బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కు, 1951లో ప్రకటించారు. సున్నపురాయి గుట్టలు, వాటి మధ్య ఇరుకు లోయలు, ఆ లోయల్లో నూలు మిల్లులు. అక్కడ వేసిన రైలు దారుల్లో చాలావాటికి 1963లో బీచింగ్ నివేదిక మరణశాసనం రాసింది. దేశమంతటా ఐదువేల మైళ్ల మార్గం, రెండువేల పైచిలుకు స్టేషన్లు దండగ అని తేల్చిందది. పట్టాలు పీకేశారు. కట్టలు, వంతెనలు, సొరంగాలు మిగిలిపోయాయి. యాష్‌బోర్న్ వైపు రైలు దారిని 1968లో పార్కు బోర్డు కొనేసి, 1971లో టిస్సింగ్టన్ ట్రెయిల్ పేరుతో నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వదిలింది. పదమూడు మైళ్లు. ఆ తర్వాత దేశమంతా ఇలాంటివి వచ్చాయి గానీ, ముందుచూపు వీళ్లదే. చరిత్ర ఇంతకంటే కావలసినవాళ్లు పుస్తకాలు చూసుకోవచ్చు. నాకు ఆ దారుల పనితనం గురించి చెప్పాలని ఆత్రంగా ఉంది.

ఆవిరి ఇంజను లాగే బరువుకి వాలు వందకి ఒకటి దాటితే ఆయాసం మొదలవుతుంది. అంటే వంద అడుగులు ముందుకి పోతే ఒక్క అడుగు మాత్రమే పైకి. గుట్టలేమో అలా ఉండవు కదా! అందుకని ఎత్తు వచ్చినచోట కోశారు, కోసిన రాయినీ మన్నునీ తీసుకెళ్లి పల్లంలో కట్ట పోశారు. కోతలో తీసింది కట్టకి సరిగ్గా సరిపోయేలా లెక్క కట్టడమే అసలు విద్య. ఎక్కువైతే పారబోయడానికి చోటు వెతకాలి, తక్కువైతే ఎక్కడినుంచో మోసుకురావాలి. కోయలేనంత ఎత్తుంటే సొరంగం, పూడ్చలేనంత లోయైతే కమానుల వంతెన. ఈ లెక్క తప్పలేదని మోకాళ్లే చెబుతాయి. గేరు మార్చాల్సిన పని రాదు. ఎక్కుతున్నామన్న సంగతి కూడా తిరుగు ప్రయాణంలో సైకిలు తనంతట తాను దొర్లుతున్నప్పుడే తెలుస్తుంది.

ఈ సూత్రాన్ని పక్కనబెట్టి కట్టిన దారి ఒకటుంది, నా ప్రాణం దాని మీదే. క్రామ్‌ఫర్డ్ అండ్ హై పీక్ రైల్వే. రిచర్డ్ ఆర్క్‌రైట్ 1771లో నీటి చక్రంతో నూలు మిల్లు నడిపించిన క్రామ్‌ఫర్డ్ దగ్గర కాలవ ఒడ్డున మొదలై, గుట్టల నెత్తిమీదుగా 33 మైళ్లు పోయి, అవతల వేలీ బ్రిడ్జి దగ్గర ఇంకో కాలవని కలిసేది. ముందు అక్కడ కూడా కాలవే తవ్వాలనుకున్నారట. సున్నపురాయి నేలమీద నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకని జోసయస్ జెస్సప్ అనే ఇంజనీరు రైలు దారి గీశాడు, అయితే కాలవ బుద్ధితోనే గీశాడు. కాలవలో లాకులున్నట్టు, చాలాదూరం దాదాపు సమతలం, ఆపైన ఒక్కసారిగా నిటారు వాలు, మళ్లీ సమతలం. సమతలం మీద గుర్రాలు లాగేవి, వాలు మీద పైన కూర్చున్న ఆవిరి ఇంజను గొలుసులతో పైకి లాగేది. 1831 నాటికి దారి మొత్తం పూర్తయింది. మనిషి తెలివిని మెచ్చుకోవాలా, మొండితనాన్ని మెచ్చుకోవాలా అన్నది నాకు ఇప్పటికీ తేలదు.

మిడిల్టన్ టాప్ దగ్గర ఆ ఇంజను ఇల్లు ఇంకా నిలబడే ఉంది. బటర్లీ కంపెనీ 1829లో పోతపోసిన జంట బీమ్ ఇంజన్లు 1963 దాకా పనిచేశాయి. నూట ముప్పై నాలుగేళ్లు! ఈరోజు కొన్న ఫోను మూడేళ్లు పనిచేస్తే పండగ చేసుకుంటున్నాం మనం. కిందనున్న షీప్ పాశ్చర్ వాలు మీద 1888లో రెండు వ్యాగన్లు తెంపుకుని దిగువకి దూసుకెళ్లి, కాలవనీ దాని పక్కనున్న రెండు పట్టాల రైలు మార్గాన్నీ గాల్లోనే దాటి అవతల పొలంలో పడ్డాయి. ఆ తర్వాతే జారిన బండ్లని పట్టే గొయ్యి తవ్వారు. అందులో నుజ్జయిన వ్యాగను ఒకటి ఇప్పటికీ ఉంది, తొంగి చూడొచ్చు. ఇంకాస్త ముందుకి పోతే గోథమ్ మలుపు. యాభై అయిదు గజాల వ్యాసార్థం, మామూలు వెడల్పు పట్టాల మీద బ్రిటన్‌లో అంత బిగువైన మలుపు మరోటి లేదు. సైకిలు మీద అది హాయిగా ఒళ్లు ఓరగిల్లే చిన్న వంపు. బరువు వ్యాగన్లని అక్కడ తిప్పిన డ్రైవర్లకి దండం పెట్టాలి. మిన్నింగ్‌లో దగ్గర కట్ట పక్కలకి సున్నం లేకుండా, ఉత్త రాయి మీద రాయి పేర్చి ఎత్తిన గోడ చూడండి. మధ్యలో ఒక్క చెంచాడు అడుసు కూడా ఉండదు.

ఇక మన్సాల్ ట్రెయిల్. జనం ఎగబడేది దీనికే. మిడ్‌లాండ్ రైల్వే వాళ్ల మార్గం, 1968లో మూసేశారు. బేక్‌వెల్ నుంచి చీ డేల్ అంచు దాకా ఎనిమిదిన్నర మైళ్లు. 1981లోనే ట్రెయిల్ అన్నారు గానీ, అప్పుడు సొరంగాలు మూసేసి ఉంచారు. సొరంగం రాగానే సైకిలు భుజాన వేసుకుని గుట్టపక్కన గొర్రెల దారి పట్టాల్సిందే. దాన్ని సైకిలు దారి అని ఎలా పిలిచారో ఆ దేవుడికే ఎరుక. ముప్పై ఏళ్లు పోయాక, 2011 మేలో, నాలుగు సొరంగాలకీ దీపాలు పెట్టి తెరిచారు. ఒక్కోటి సుమారు నాలుగువందల మీటర్లు. హెడ్‌స్టోన్ సొరంగం చీకట్లోంచి బయటికి రాగానే కింద వై నది, కాళ్ల కింద ఐదు కమానుల వంతెన. ఆ వంతెన కట్టినందుకు కళా విమర్శకుడు జాన్ రస్కిన్ మహాశయుడు మండిపడ్డాడు. బక్స్‌టన్ నుంచి బేక్‌వెల్‌కి మూర్ఖులు త్వరగా చేరడం కోసం దేవతలుండే లోయని నాశనం చేశారని ఆయన గోల. వందేళ్లు తిరిగాక 1970లో అదే వంతెనని కాపాడవలసిన కట్టడాల జాబితాలో చేర్చారు. రస్కిన్ అంటే నాకు గౌరవమే, కానీ ఈ విషయంలో నేను మిడ్‌లాండ్ పక్షం.

అందం గురించి మాట్లాడుతూ మరో సంగతి దాటేస్తే పాపం చుట్టుకుంటుంది. వంతెన దాటాక దిగువన లిట్టన్ మిల్లు కనిపిస్తుంది. లండన్‌లో అనాథ పిల్లల్ని ఏరి, బండ్లలో ఎక్కించి, ఇలాంటి మిల్లుల్లో పనికి పెట్టేవాళ్లు. రాబర్ట్ బ్లింకో అనే కుర్రాడు ఈ మిల్లులో పడ్డ దెబ్బలూ ఆకలీ 1832లో పుస్తకంగా వచ్చి జనాన్ని కదిలించాయి. డికెన్స్ ఆలివర్ ట్విస్ట్‌కి మూలం ఇతనేనని కొందరంటారు. నిజమో కాదో గానీ, ఆ మిల్లు ఇప్పుడు ఖరీదైన ఫ్లాట్లు. పారిశ్రామిక వారసత్వం అని ఫొటోలు తీసుకునేవాళ్లు కాస్త సైకిలాపి కిందికి చూడాలి.

ఇంజనీర్లని ఇంత పొగిడాను, ఆ కట్టని సైకిలుకి అప్పగించినవాళ్ల పని తక్కువేం కాదు. బ్రిస్టల్‌లో 1977లో కొందరు సైకిలు జనం సైకిల్‌బ్యాగ్ అనే గుంపుగా ఏర్పడ్డారు. జాన్ గ్రిమ్‌షా అనే సివిల్ ఇంజనీరు ముందుండగా, స్వచ్ఛందంగా వచ్చినవాళ్లతో పారలు పట్టించి, బ్రిస్టల్-బాత్ రైలు కట్టని 1979 నుంచి 1986 దాకా ముక్కముక్కగా సైకిలు దారి చేశారు. ఆ గుంపే పెరిగి సస్ట్రాన్స్ అయింది. వాళ్ల పాఠం ఒక్కటే: నీళ్లు పోయే దారి ముందు చూడు, పైపూత తర్వాత. పక్క కాలవలు పూడితే కోతల్లో బురద, ఆకులు, ఆపైన మంచు, ఆపైన విరిగిన మోచేయి. పైపూత మీద మాలో మాకు కొట్లాటలున్నాయి. తారు వెయ్యాలని ఒక వర్గం, నలిపిన సున్నపురాయి పొడి చాలని ఇంకో వర్గం. చక్రాల కుర్చీలకీ పసిపిల్లల బండ్లకీ తారే మేలని ఒప్పుకుంటాను. కానీ హై పీక్ మీద తారు పోసే రోజు వస్తే నేను రాయి పొడి జట్టు జెండానే పట్టుకుంటాను.

బాత్ ఊరి దక్షిణాన కోమ్ డౌన్ సొరంగాన్ని 2013లో తెరిచారు, 1,672 మీటర్లు. దీపాలూ సంగీతమూ పెట్టారు. అది ఊరివాళ్లు ఏళ్ల తరబడి పట్టుబట్టి సాధించుకున్నది. ఉత్తరాన కాన్సెట్‌లో 1980లో ఉక్కు కర్మాగారం మూతపడితే వేలమందికి పని పోయింది. అక్కడి పాత రైలు దారుల మీదుగానే ఇప్పుడు తీరం నుంచి తీరానికి సైకిలు యాత్ర సాగుతుంది. థామస్ బౌచ్ కట్టిన హౌన్స్‌గిల్ వంతెన మీదుగా పోతుంటే పాత ఇనుముతో చేసిన శిల్పాలు పలకరిస్తాయి.

ఇప్పుడు కడుపుమంట సంగతి. ఈ దారులకి పేరొచ్చాక ప్రతి కౌన్సిలూ సైకిలు మార్గం ఉందని బోర్డు పెట్టేసింది. రోడ్డు వారన తెల్లగీత గీసి దాని మీద సైకిలు బొమ్మ వేస్తే అది సైకిలు దారట! గీత మీద కార్లు ఆగి ఉంటాయి. కూడలి రాగానే గీత మాయం. సస్ట్రాన్స్ వాళ్లే 2018లో తమ జాతీయ నెట్‌వర్కుని పరిశీలించుకుంటే పదహారు వేలకి పైగా అడ్డుగేట్లు లెక్క తేలాయి, దాదాపు మైలుకొకటి. మోటారు సైకిళ్లని ఆపడానికని పెట్టారు. ఆపుతున్నది మాత్రం వెనక పాపని కూచోబెట్టుకున్న తల్లినీ, మూడు చక్రాల సైకిలు తొక్కే పెద్దాయన్నీ. 2020లో నెట్‌వర్కులో పావువంతు దాకా భద్రంగా లేదని పక్కకి తీసేశారు. చాలామంది వాళ్లని తిట్టారు, నేను చప్పట్లు కొట్టాను. చెడ్డదాన్ని చెడ్డదనే ధైర్యం ఎంతమందికుంది?

ఇంతకంటే ఘోరం కాంక్రీటు. ఈడెన్ లోయలో గ్రేట్ మస్‌గ్రేవ్ దగ్గర 1862 నాటి రాతి వంతెన కింద 2021లో నేషనల్ హైవేస్ సంస్థ వందల టన్నుల రాళ్లూ కాంక్రీటూ నింపేసింది, వంతెనకి ప్రమాదమని. జనం భగ్గుమన్నారు. అక్కడి కౌన్సిలు అనుమతి ఇవ్వనంది. నింపినదంతా మళ్లీ వాళ్ల చేతే 2023లో తోడించారు. బ్రాడ్‌ఫర్డ్, హాలిఫాక్స్ మధ్య క్వీన్స్‌బరీ సొరంగానికి అంత అదృష్టం లేదు. 1878 నాటిది, రెండు కిలోమీటర్లకి పైన పొడవు, 1956లో మూతపడింది. సైకిళ్లకి ఇమ్మని ఏళ్ల తరబడి అడుగుతుంటే డబ్బు ఖర్చుపెట్టింది దాన్ని పూడ్చే పనులకి. రాయి తొలిచినవాళ్ల చెమటని ఇలా కప్పెట్టడానికి చేతులెలా వస్తాయి?

మన దగ్గరా పాత కట్టలున్నాయి. గుంటూరు-నంద్యాల మీటర్ గేజ్ మార్గం బ్రాడ్ గేజ్ అయినప్పుడు నల్లమలలో దొరబావి వంతెన వాడకంలోంచి పోయింది. అది పులులుండే అడవి, అక్కడికి సైకిళ్లు తోలమని నేను అనను. కానీ గేజ్ మారినప్పుడల్లా పక్కన పడిపోయిన కట్టల జాబితా ఒకటి రాసిపెడితే నష్టమేమిటి? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేయగలిగినవాళ్లం కదా, కట్ట విలువ తెలియదనుకోను.

డెర్బీ, నాటింగ్‌హామ్, మాంచెస్టర్‌లలో ఉన్న మనవాళ్లకి నా సలహా: మిడిల్టన్ టాప్ దగ్గర మొదలెట్టి పార్స్‌లీ హే దాకా వెళ్లండి, అక్కడ టిస్సింగ్టన్ దారి పట్టి యాష్‌బోర్న్‌కి దిగిపోండి. దిగుడే కాబట్టి పిల్లలూ అలిసిపోరు. మన్సాల్‌కి మాత్రం ఆదివారం మధ్యాహ్నం వెళ్లొద్దు, జాతరలా ఉంటుంది. పైగా అది బేక్‌వెల్ దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతుంది. ముందుకి రౌస్లీ వైపు పోవాలంటే లారీల రోడ్డే గతి. మధ్యలో హాడన్ సొరంగం ఉంది. తన హాడన్ హాలు ముందు రైళ్లు కంటపడకూడదని రట్లండ్ డ్యూకుగారు పట్టుబడితే, నేల తవ్వి, కమాను కట్టి, మళ్లీ మన్ను కప్పి చేసిన సొరంగం. సుమారు కిలోమీటరు. డ్యూకుగారి కన్ను నొప్పి పడకూడదని అంత పని చేశారే, సైకిలు మీద పోయేవాడి ప్రాణం కోసం ఆ రెండు చివర్లూ తెరిచి దీపాలు పెట్టలేరా? డెర్బీషైర్ కౌంటీ కౌన్సిలుకి ఉత్తరాలు రాసేవాళ్లు ఎక్కువైతే గానీ ఇది కదలదు. మీ ఊరు అక్కడికి దగ్గరైతే ఒకటి మీరూ రాయండి.