సీతాకోకచిలుక: శాస్త్రార్థం, రూపకార్థం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

సాహిత్య విమర్శలో పాత్ర పరిణామాన్ని వివరించడానికి గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారడాన్ని తరచుగా ఉపమానంగా తీసుకుంటారు. వలసానంతర విమర్శలోని ‘అనుకరణ’, కథన చర్చల్లోని ‘బటర్‌ఫ్లై ఎఫెక్ట్’ కూడా ఈ కీటకంతో సంబంధమున్న భావనలే. ఈ మూడింటికీ శాస్త్రంలో నిర్దిష్టార్థాలున్నాయి. అవి రూపకాలుగా మారేటప్పుడు జారిపోయిన అంశాలే విమర్శకు ఎక్కువగా ఉపకరిస్తాయని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

1. రూపవిక్రియ – జ్ఞాపకం

జీవశాస్త్రం ఈ మార్పును ‘రూపవిక్రియ’ అంటుంది. ప్యూపా దశలో గొంగళిపురుగు కణజాలంలో చాలా భాగం విచ్ఛిన్నమవుతుంది. లార్వా దేహంలో ముందునుంచే ఉన్న ప్రత్యేక కణసముదాయాలు పెరిగి రెక్కలు, కాళ్లు, స్పర్శశృంగాలుగా రూపొందుతాయి. నాడీవ్యవస్థ మాత్రం పూర్తిగా నశించక పునర్నిర్మాణం పొందుతుంది. సీతాకోకచిలుకలున్న లెపిడోప్టెరా క్రమానికే చెందిన మాండూకా సెక్స్టా అనే మాత్‌పై జరిగిన పరిశోధన 2008లో వెలువడింది. అందులో గొంగళిపురుగులకు ఒక వాసనతో పాటు విద్యుదాఘాతం కలిగించారు. లార్వా చివరి దశలో ఈ అనుభవం పొందినవాటిలో అధికభాగం రెక్కలు వచ్చాక కూడా ఆ వాసనకు దూరంగా తొలగాయి.

అంటే రూపం మారినా గతం సమూలంగా చెరిగిపోలేదు. వికారమైన గతాన్ని విడిచి అందమైన వర్తమానంలోకి రావడంగా పాత్ర పరిణామాన్ని చదివే పద్ధతి ఈ అంశాన్ని విస్మరిస్తుంది. బాధను దాటివచ్చిన పాత్రలో ఆ బాధ ఏ రూపంలో మిగిలిందన్న ప్రశ్న అక్కడ తలెత్తదు.

2. భ్రమరకీటక న్యాయం – భయం

భారతీయ సంప్రదాయంలో రూపాంతరానికి ప్రసిద్ధమైన దృష్టాంతం భ్రమరకీటక న్యాయం. భ్రమరం తెచ్చి గూటిలో బంధించిన పురుగు, దానినే తలచుకుంటూ చివరికి భ్రమరమవుతుందని దీని సారాంశం. మట్టిగూడు కట్టే కందిరీగల జీవనం ఈ దృశ్యానికి సరిపోతుంది. అవి గొంగళిపురుగును కుట్టి, చలనం లేకుండా చేసి, గుడ్డుతో పాటు గూటిలో ఉంచి మూసివేస్తాయి. గుడ్డులోంచి వచ్చిన లార్వా ఆ పురుగును తిని పెరిగి కందిరీగగా వెలుపలికి వస్తుంది. లోపలికి పురుగు వెళ్లింది, వెలుపలికి కందిరీగ వచ్చింది. చూసినది నిజమే, ఊహించిన కారణమే వేరు. పురుగు మారలేదు, ఆహారమైంది.

ఈ న్యాయాన్ని గురుశిష్య సంబంధానికి అన్వయించడం వాడుక. పోతన భాగవతం సప్తమ స్కంధంలోని సందర్భం వేరు. శిశుపాలుడు వైరంతోనే హరిలో ఎలా చేరాడన్న ధర్మరాజు సందేహానికి నారదుడిచ్చే సమాధానంలో ఇది వస్తుంది. పురుగును భ్రమరంగా మార్చేది అక్కడ భయమే. గురుకృపగా వ్యాప్తిలోకి వచ్చిన అన్వయం ఈ భయాన్ని వదిలివేసింది. కీటకశాస్త్రం న్యాయంలోని కార్యకారణ భావాన్ని తిరస్కరించినా, పోతన నిలిపిన భయానికి మాత్రం వాస్తవాధారాన్ని చూపుతుంది. లోబరచుకోవడాన్ని అనుగ్రహంగా వర్ణించే రచనలను పరిశీలించేటప్పుడు ఈ భేదం కీలకం.

3. అనుకరణ – చూసే కన్ను

హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ ప్రాంతపు సీతాకోకచిలుకల ఆధారంగా 1862లో అనుకరణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. తెలుగు ప్రాంతాల్లో కరివేపాకు, నిమ్మ మొక్కలపై పెరిగే ‘కామన్ మార్మన్’ ఇందుకు మంచి ఉదాహరణ. దీని ఆడవాటిలో కొన్ని, పక్షులకు రుచించని ‘కామన్ రోజ్’ను పోలి ఉంటాయి, మగవి అలా ఉండవు. ఈ భేదాన్ని నియంత్రించేది ‘డబుల్‌సెక్స్’ జన్యువని 2014లో వెల్లడైంది. ఇక్కడ మూల జాతి, అనుకరించే జాతి మాత్రమే కాక, మోసపోయే పక్షి కూడా ఉంది. మూల జాతి చేదును పక్షి ఎరగకపోతే అనుకరణకు ఫలితం లేదు.

హోమీ భాభా 1984 నాటి వ్యాసం లకాన్ చర్చ ఆధారంగా అనుకరణను వలస పాలకుడికీ పాలితుడికీ మధ్య సంబంధంగా విశ్లేషించింది. ‘కన్యాశుల్కం’లోని గిరీశం విషయంలో మూడో పక్షాన్నీ లెక్కించాలి. వ్యాజ్యాలలో మునిగిన అగ్నిహోత్రావధానులుకు ఇంగ్లీషు రాదు గాని, కోర్టులో దాని బలం తెలుసు. గిరీశం ఇంగ్లీషు అతని ఇంట్లో చెల్లుబాటు కావడానికి ఈ ఎరుకే కారణం. అసలును దగ్గరగా ఎరిగిన సౌజన్యారావు పంతులు ముందు ఆ వేషం నిలవలేదు.

4. బటర్‌ఫ్లై ఎఫెక్ట్ – బీజం

ఎడ్వర్డ్ లోరెంజ్ 1961లో వాతావరణ నమూనాలో 0.506127కు బదులు 0.506 వాడగా ఫలితాలు పూర్తిగా వేరయ్యాయి. 1972 నాటి ప్రసంగంలో సీతాకోకచిలుక రెక్క కదలిక టోర్నడోకు కారణం కాగలిగితే, దాన్ని నివారించనూ గలదని ఆయన స్పష్టం చేశాడు. ఆయన చెప్పినది చిన్న కారణపు గొప్పతనం కాదు, ముందస్తు అంచనాకున్న పరిమితి. చిన్న సంఘటన పెద్ద పర్యవసానానికి దారితీసే కథావస్తువుకు మన నాటకశాస్త్రంలోని ‘బీజం’ సరిపోతుంది. బీజాన్ని రచయిత ఎంచి నాటుతాడు. ఏ రెక్క కదలిక కారణమో ఎవరూ గుర్తించలేరు.

ముగింపు

పై పరిశీలనలో రూపవిక్రియ నుంచి జ్ఞాపకం, భ్రమరకీటక న్యాయం నుంచి భయం, అనుకరణ నుంచి చూసే కన్ను, లోరెంజ్ భావన నుంచి అనిశ్చితి జారిపోయినట్లు తేలింది. శాస్త్రానికి విరుద్ధమైనంత మాత్రాన రూపకం త్యాజ్యం కాదు. అయితే విమర్శ దాన్ని పరిభాషగా స్వీకరించినప్పుడు, అది విడిచిపెట్టిన అంశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.